సెన్సర్ ఊడిపోయే సాయంత్రాలు

ఫిబ్రవరి 3

ఇది ఇంజన్ డైరీ. ఇందులో ఇంజన్ సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదు. బోరు కొలతలు, వాల్వు గ్యాపులు, ఏ రోజు ఏ పని అయింది. అంతే. పోయినసారి కట్టిన ఇంజన్‌కి గ్యాప్ ఎంత పెట్టానో గుర్తులేక మొత్తం మళ్లీ విప్పాల్సి వచ్చింది. నలభై మూడేళ్లొచ్చాక జ్ఞాపకశక్తిని నమ్ముకోకూడదు.

సిలిండర్లు నాలుగూ అర మిల్లీమీటరు పెద్దవి చేశాను. క్యామ్‌షాఫ్ట్ మార్చాను. పాత డొక్కు కారే, కానీ ఇప్పుడు దానికి పొగరెక్కింది. ఏప్రిల్ 6న కొండ పరుగు. ఒక్కో కారూ విడిగా పైకెక్కాలి, పదకొండు మలుపులు, కింద నుంచి పైదాకా ఎంతసేపు పట్టిందన్నదే లెక్క. దరఖాస్తులో అన్నీ నింపాను, ఒక గడి తప్ప. పెట్రోలు ఇంజన్‌లోకి ఎలా వెళ్తుంది? కార్బరేటరా, ఇంజెక్షనా? మార్చి 25 లోపు రాసివ్వాలి.

బాబాయ్‌ని అడిగాను. ఈ మెకానిక్ షెడ్డులో నాన్న ఇనుము చెక్కే లేత్ పట్టుకుంటే బాబాయ్ కార్బరేటర్లు పట్టుకునేవాడు. నాన్న పోయాక లేత్ నా చేతికొచ్చింది. బాబాయ్ మాత్రం తన స్టూలు మీద నుంచి కదల్లేదు. అరవై ఎనిమిదేళ్లు. పెద్ద స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి, మొనని ఇంజన్‌కి ఆనించి, లోపల ఏ మూల ఏం జరుగుతోందో చెప్పేస్తాడు.

"అడగాల్సిన మాటేనా అది? కార్బరేటరే! అన్నం నోట్లో పెట్టుకోవాలా ముక్కులో పెట్టుకోవాలా అని ఎవరైనా అడుగుతారా?"

"కొండ పైకెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది బాబాయ్. ఇంజెక్షనైతే దానంతటదే సర్దుకుంటుంది."

"పైకెళ్లి అక్కడే కాపురం పెడతావా ఏంటి? ఎక్కి దిగిపోవడమేగా!"

ఇంజెక్షన్ తెలిసిన మనిషిని ఎవరినైనా పిలిచి మాట్లాడతానన్నాను. పిలుచుకో, నాకేం అన్నాడు. సాయంత్రం దాకా స్పానర్లు దడేల్ దడేల్‌మని పడేశాడు.

ఫిబ్రవరి 9

ఇంజెక్షన్ మనిషి వచ్చాడు. స్పేర్ పార్టుల కొట్టతను పంపించాడు. కార్లకి వైరింగ్ చేస్తాడట, కంప్యూటర్ పెట్టెలు బిగిస్తాడట. కళ్లజోడు, భుజాన ల్యాప్‌టాప్. ఇంజన్ చుట్టూ అరగంట తిరిగాడు, మాట లేదు, మంతీ లేదు.

"ఏం బాబూ, నోట్లో బెల్లం ముక్క పెట్టుకొచ్చావా?" అన్నాడు బాబాయ్.

అప్పుడు నోరు విప్పాడు. "ఇంజన్ ఎంత వేడిగా ఉంది, గాలి ఎంత వస్తోంది అని సెన్సర్లు చెప్తాయండి. దాన్నిబట్టి పెట్టె లెక్కేసి పెట్రోలు పోస్తుంది. మనం ఊహించక్కర్లేదు."

"ఊహించక్కర్లేకపోతే ఇక మనం ఎందుకయ్యా?"

అతను నిజంగానే ఆలోచించాడు, పాపం.

ముందు ఇంజెక్షన్ బిగించి చూడాలి, నచ్చకపోతే పీకేసి కార్బరేటర్ వెయ్యాలి అని తీర్మానం. తీర్మానం నాదే.

ఇంకొకటి. పన్నెండో నంబరు స్పానర్ అడిగి తీసుకున్నాడు. వాడాక గుడ్డతో తుడిచి, గోడకి కొట్టిన బల్ల మీద దాని మేకుకే తగిలించాడు. ఇరవై ఏళ్లలో ఈ షెడ్డుకొచ్చిన ఏ మగాడూ చెయ్యలేదు ఆ పని. పనిముట్ల సంగతి కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 17

స్టార్ట్ అయింది! తాళం ఇలా తిప్పానో లేదో, ఒక్క దగ్గు కూడా లేకుండా అందుకుంది. నేను చప్పట్లు కొట్టి గెంతాను. బాబాయ్ నన్ను చూసి తల పట్టుకున్నాడు. అతను నవ్వాడు. నవ్వు ఒక పక్కకే వస్తుంది, ఎడమ పక్కకి.

పై వాక్యం ఇంజన్ సంగతి కాదు. రేపు కొట్టేస్తాను.

వెళ్తూ వెళ్తూ, "ఇంకో రెండుసార్లు వచ్చి సర్దుతానండి. ఆ తర్వాత మీకు నాతో పనుండదు," అన్నాడు.

మంచిదేగా.

ఫిబ్రవరి 20

రెండుసార్లూ అయిపోయాయి. ఇంజన్ వెన్నలా తిరుగుతోంది. చిరాగ్గా ఉంది.

ఫిబ్రవరి 22

ఇవాళ సాయంత్రం ఇంజన్ వేడి చెప్పే సెన్సర్ ప్లగ్గు ఊడిపోయింది. ఎలా ఊడిందో తెలీదు. ఇంజన్ తిరుగుతూ ఉంది, నేను పక్కనే నిలబడి ఉన్నాను. చెయ్యి తగిలి ఉండొచ్చు. చెయ్యి తగిలితే ఊడదు, ముందు చిన్న క్లిప్పు నొక్కి పట్టుకుని లాగాలి. ఏమో, పెద్ద చేతులు నావి.

అది ఊడితే పెట్టె కంగారుపడిపోతుంది. ఇంజన్ మంచుగడ్డలా ఉందనుకుని బిందెలతో పెట్రోలు కుమ్మరిస్తుంది. సైలెన్సర్లోంచి నల్లటి పొగ. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, నష్టమేమీ లేదు. ఫోన్ చేశాను. పావుగంటలో వచ్చాడు. టక్కున ప్లగ్గు పెట్టాడు. అంతే పని.

అంతదూరం నుంచి వచ్చిన మనిషికి టీ అయినా ఇవ్వకపోతే ఏం మర్యాద?

బాబాయ్ అప్పుడు షెడ్డులో లేడు. నాలుగున్నరకి వీధి చివర టీ కొట్టుకి వెళ్తాడు, ఐదున్నరకి గానీ రాడు. ప్రపంచం తలకిందులైనా ఆ టైము మారదు.

ఫిబ్రవరి 26

మళ్లీ ఊడింది. ఈ కాలపు ప్లాస్టిక్కు!

మార్చి 2

ఇంజెక్షన్ మంచిదా, కార్బరేటర్ మంచిదా అన్నది ఇంత తొందరగా తేలే విషయం కాదు. పరీక్షగా చూడాలి. ఇంకా చాలాసార్లు చూడాలి.

బాబాయ్ మాట కూడా తీసిపారెయ్యలేను. కార్బరేటర్ కొండ మీద ఆగిపోతే ఒక స్క్రూడ్రైవర్‌తో బాగుచేసుకోవచ్చు. ఇది ఆగిపోతే ఆయన్ని పిలవాలి. అది లోపమని బాబాయ్ అంటాడు. నాకు లోపంగా కనిపించలేదు.

పైన ఆయన అని రాశాను. వయసులో నాకంటే నాలుగేళ్లు పెద్ద, అందుకని.

పెళ్లి చేసుకోలేదట. నేనేం అడగలేదు. బాబాయే అడిగి, ఇంజన్ రొదలో నాకు వినపడదేమోనని నా చెవి దగ్గరకొచ్చి మరీ అరిచాడు. ఆయన అక్కడే ఉన్నారు.

మార్చి 5

ఆయన్ని ఏమని పిలవాలో తోచక ఇన్నాళ్లూ దగ్గుతూ నెట్టుకొచ్చాను. ఇవాళ ఆయన చెయ్యి కాలబోతుంటే కంగారులో, "ఏవండీ!" అనేశాను. బాబాయ్ చేతిలోని గోరంత కార్బరేటర్ జెట్టు కిందపడి బల్లకింద ఎక్కడికో దొర్లిపోయింది. ముగ్గురం నేలమీద పాకుతూ అరగంట వెతికాం. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

మార్చి 8

ఇవాళ చాలా రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు.

కారుని మొదటిసారి రోడ్డెక్కించాం. నేను స్టీరింగ్ దగ్గర, ఆయన పక్కన, ఒళ్లో ల్యాప్‌టాప్. బాబాయ్ వెనక సీట్లో కూర్చోబోయాడు. వెనక సీటు తీసేశాం కదా అన్నాను. "తెలుసులే, తెలుసు," అని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఊరు దాటాక తొక్కాను. అమ్మో! ఆ పాత బండిలో ఇంత ఊపిరి ఎక్కడ దాచుకుందో! రోడ్డు పక్క స్తంభాలు ఫట్ ఫట్‌మని వెనక్కి పోతున్నాయి. ఆయన తెరమీద అంకెలు చదువుతున్నారు, పాఠం చెప్తున్నట్టు నింపాదిగా. "మూడు వేలు... నాలుగు వేలు... బాగుంది... ఐదు వేలు... అక్కడ మలుపుందండి... మలుపుందండీ!" మలుపు తిప్పాను. ల్యాప్‌టాప్ జారింది, ఆయన దాన్ని పట్టుకున్నారు, కళ్లజోడు పడిపోయింది, దాన్ని నేను పట్టుకున్నాను. ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో ఆయన కళ్లజోడు. అప్పుడు నవ్వారు. రెండు పక్కలా!

చెట్టు కింద ఆపి ఇంజన్ చల్లారేదాకా కూర్చున్నాం. ఇంజన్ ఎప్పుడో చల్లారింది. ఇంకా కూర్చున్నాం. వాళ్లమ్మ పోయి రెండేళ్లయిందట. ఆవిడ మంచాన పడ్డాక పనికి దూరాలు వెళ్లడం మానేశారట, అలా వైరింగ్ నేర్చుకున్నారట. నేను కూడా చెప్పాను. తొమ్మిదేళ్ల కిందట మా ఆయన సూట్‌కేసు సర్దుకుంటూ, "నీకు మొగుడెందుకే, లేత్ ఉందిగా," అన్నాడని. ఎవరికీ చెప్పని మాట. చెప్పి నవ్వాను. ఆయన నవ్వలేదు. "లేత్ మీద మీరు తీసిన రింగొకటి చూశాను. అంత నునుపు నేనెక్కడా చూడలేదు," అన్నారు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సంతోషంగా ఉంది. రాసేశాను. ఇంజన్ డైరీ అయితే ఏంటట, నా పుస్తకం, నా ఇష్టం!

మార్చి 9

వాల్వు గ్యాపులు: కొలవలేదు.

మార్చి 13

ఆరోసారి ఊడింది. కొత్త ఆప్రాన్ కొన్నాను. పాతది చిరిగిపోయింది. ఎక్కడ చిరిగిందో చూడాలి.

ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఇంజెక్షన్ అని రాసిస్తే పని పూర్తయినట్టు, ఆయన వెళ్లిపోతారు. కార్బరేటర్ అని రాసిస్తే ఇవాళే వెళ్లిపోతారు. ఏది రాసినా ఒకటే. అందుకని ఏదీ రాయడం లేదు. ఇలా ఎన్నాళ్లు? అడిగితే సరిపోతుంది కదా, ఉండిపొమ్మని? ఆ ఒక్క మాట తప్ప అన్నీ అడుగుతున్నాను. టీలో పంచదార చాలిందా అని మూడుసార్లు అడిగాను ఇవాళ.

మార్చి 19

చచ్చిపోవాలనిపిస్తోంది. కాదు, చావను, కొండ పరుగుంది. కానీ నేల చీలి ఉంటే దూరిపోయేదాన్ని.

ఏడోసారి. ఆయన ప్లగ్గు పెట్టి, ల్యాప్‌టాప్ తగిలించి ఏదో చూస్తున్నారు. ఇవాళ టీ కొట్టు మూసి ఉందట, బాబాయ్ మధ్యలోనే తిరిగొచ్చాడు. వచ్చి ఆయన భుజం మీదుగా తెరలోకి తొంగిచూశాడు.

"ఈ గీత బాగానే పోతోందిగా, మధ్యలో ఈ ఎర్ర చుక్కలేంటి?"

ఆయన మూత మూసెయ్యబోయారు. బాబాయ్ వేలు అడ్డం పెట్టాడు. నేనూ వంగి చూశాను. గీత ఎనభై డిగ్రీల దగ్గర చక్కగా పోతోంది, ఉన్నట్టుండి పాతాళంలోకి పడిపోయింది. పక్కన ఎర్ర చుక్క. తేదీ. టైము.

"సెన్సర్... లేని టైములండి," అన్నారు.

"అంటే? ఊడినవా, తీసినవా?"

ఆయన అబద్ధం ఆడలేరు. ఆడాలని ప్రయత్నించారు, చూశాను, చెవులు ఎర్రబడ్డాయి. "వైరు తెగితే గీత ముందు వణుకుతుందండి. ఇది వణకలేదు," అన్నారు నేలకేసి చూస్తూ.

"ఏడు చుక్కలు. అన్నీ నాలుగున్నర దాటాకే," అన్నాడు బాబాయ్, వేలితో లెక్కపెట్టుకుంటూ. "నేను టీకి పోయినప్పుడే."

ఆ పెట్టె అన్నీ రాసుకుంటుందని నాకేం తెలుసు! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కార్బరేటర్ల మధ్య పెరిగాను. కార్బరేటర్ మీద ఎవరు ఎప్పుడు చెయ్యి వేసినా దానికి గుర్తుండదు. ఎంత మర్యాదైన వస్తువు! ఇదేమో పక్కింటివాళ్లలా నిమిషాలతో సహా రాసిపెట్టుకుంది. పైగా మొదటి రోజు నుంచీ ఆయన అది చదువుతూనే ఉన్నారు!

ఏం మాట్లాడానో సగం గుర్తులేదు. "ఇదంతా పీకేయండి. మాకు కార్బరేటరే కావాలి. రేపట్నుంచి రానక్కర్లేదు," అని అరిచినట్టున్నాను. ఆయన ఇంజెక్టర్లు విప్పారు, వైర్లు చుట్టారు, స్పానర్లు తుడిచి వాటి మేకులకి తగిలించారు. వెళ్లిపోయారు.

మార్చి 20

కార్బరేటర్. అంతే.

మార్చి 23

బాబాయ్ కార్బరేటర్ బిగించాడు. పెళ్లికొడుకులా హుషారుగా ఉన్నాడు. జెట్లు మార్చాడు, స్క్రూడ్రైవర్ చెవికి ఆనించాడు, పావు చుట్టు అటు, అరచుట్టు ఇటు, కళ్లు మూసుకున్నాడు. ఇంజన్ బ్రహ్మాండంగా ఉంది. ఎంత వెతికినా ఒక్క లోపం లేదు. అదే నా ఏడుపు.

మార్చి 25

గడిలో కార్బరేటర్ అని రాసి ఇచ్చేశాను. ఇంజన్‌కి అదే మేలని కూడా అనుకుంటున్నాను, నిజంగానే. కొండ మరీ ఎత్తేమీ కాదు, గాలి పల్చబడేలోపు పరుగే అయిపోతుంది. ఈ మాట మొదటిరోజే తెలుసు నాకు.

మార్చి 30

చేతివేళ్లు ఊరికే ఆ క్లిప్పు ఉండే చోటికి పోతున్నాయి. అక్కడిప్పుడు ఏమీ లేదు.

ఏప్రిల్ 2

బాబాయ్ స్టూలు లాక్కొచ్చి నా లేత్ పక్కన వేసుకున్నాడు. నలభై ఏళ్లలో మొదటిసారి.

"ఇంజన్ బాగుందే. నువ్వే మిస్సింగ్ కొడుతున్నావు."

"నాకేం బాబాయ్, గుండ్రాయిలా ఉన్నాను."

"ఆ గుండ్రాయి నిన్న ఒకే రింగుని నాలుగుసార్లు కోసింది. అది ఇప్పుడు ముక్కుపుడకకి సరిపోతుంది." కాసేపు మోకాళ్లు రాసుకున్నాడు. "సిగ్గయిందా?"

"కాదా మరి! ఈ వయసులో, పదహారేళ్ల పిల్లలా ప్లగ్గులు పీకి దొరికిపోయాను. ఆయన ఏమనుకుని ఉంటారు?"

"నాకు కంప్యూటర్లు తెలీవమ్మాయ్. కానీ ఒకటి అడుగుతా చెప్పు. నువ్వు పీకావు, సరే, సిగ్గుపడు. నువ్వే పీకావని తెలిసి తెలిసీ ఏడుసార్లు పరిగెత్తుకొచ్చాడే, ఆ పెద్దమనిషి సంగతేంటి?"

లేత్ ఆపేశాను.

అవును కదా! అవును కదా!! నేనెంత మొద్దుని! ఏడుసార్లూ పావుగంటలో వచ్చారు. ఏడుసార్లూ, ఏం తెలీనట్టు, ఎంతో పెద్ద రోగమన్నట్టు ఇంజన్ మీదకి వంగి చూశారు. అబద్ధం ఆడలేని మనిషి!

ఏప్రిల్ 3

ఫోన్ చెయ్యబోయి ఆగిపోయాను. ఏం చెప్పి పిలవను? కార్బరేటర్ గురించి ఆయన్ని అడిగేదేముంటుంది?

ఏప్రిల్ 6

అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా వస్తున్నాయి. రానీ.

కొండ పరుగు అయింది. పంతొమ్మిది కార్లలో తొమ్మిదోదాన్ని. ఏడో మలుపులో వెనక చక్రాలు జారాయి గానీ లాగేశాను. పైన బాబాయ్ ఎదురొచ్చి కార్బరేటర్ ఉన్న చోట బానెట్‌ని ముద్దుపెట్టుకున్నాడు, మూతి కాలింది. తొమ్మిదో స్థానానికే ఊరేగింపు చేసేట్టున్నాడు. నాకు మాత్రం ఒకటే తొందర. కిందకి దిగగానే బాబాయ్‌ని బస్టాపులో దింపేశాను.

"ఇంటికి తీసుకెళ్లవా?"

"లేదు."

ఎక్కడికని అడగలేదు. బస్సు రాకుండానే చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు.

కారు తలుపు మీద పోటీ నంబరుతోనే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన పనిచేసుకునేది బ్యాటరీల కొట్టు వెనక చిన్న గదిలో. తలుపు తీసే ఉంది. బల్ల నిండా వైర్లు, రంగురంగులవి, పొడవుల వారీగా పేర్చి ఉన్నాయి. ఆయన ఏదో మీటరు విప్పుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేచారు. నూనె మరకల చొక్కా, దుమ్ముకొట్టుకుపోయిన జుట్టు, కొత్త ఆప్రాన్ కూడా లేదు ఒంటిమీద.

"ఇంజన్ ఏమైనా...?" అన్నారు.

"దివ్యంగా ఉంది."

"కార్బరేటరేనా?"

"కార్బరేటరే. పైదాకా ఒక్కసారి కూడా తుమ్మలేదు."

తల ఊపారు. మొహంలో దిగులు దాచుకోవడం కూడా రాదు ఆయనకి. దారంతా నేను అనుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి. అందుకని ఏది ముందొస్తే అది అడిగేశాను.

"మొదటిసారే తెలుసా మీకు?"

"మొదటిసారి అనుమానమండి. రెండోసారికి రూఢి అయింది."

"మరి ఎందుకొచ్చారు అన్నిసార్లు?"

మీటరు స్క్రూ ఒకటి తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశారు. "ఏ రోజు ఫోనొస్తుందో తెలీదు కదండీ. అందుకని నాలుగింటి నుంచే బూట్లు వేసుకుని కూర్చునేవాణ్ని."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు, కళ్లలో నీళ్లొచ్చాయి, గోడకి ఆనుకున్నాను. ఆయన భయపడ్డారు. మంచినీళ్లు తెచ్చారు. తాగాను. తాగి, గ్లాసు పట్టుకునే చెప్పాను.

"చూడండి. ఇంజెక్షన్ లేదు, పెట్టె లేదు, సెన్సర్ లేదు. కార్బరేటర్ సంగతి బాబాయ్ చూసుకుంటాడు. నాకు మీతో ఏ పనీ లేదు. ఇక ఎప్పటికీ ఉండదు. అది చెప్దామనే వచ్చాను."

ఆయన మొహం పాలిపోయింది. ఇంకొక్క మాట మిగిలిందని ఎలా చెప్పాలో తెలీక గబగబా చెప్పేశాను.

"అందుకని ఊరికే రండి."

బయట కొట్లో ఎవరో బ్యాటరీ దించారు, ధబ్‌మని చప్పుడైంది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, నన్ను చూశారు.

"ఊరికే అంటే... రోజూనా అండీ?"

రోజూ అన్నాను. ఆదివారాలు కూడా అన్నాను.